చెరువు ‘ఉండాది’ అని రాస్తే తప్పా? ప్రాథమిక తరగతుల తెలుగు రాతలో తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయి

“మీ ఊరి గురించి సొంత మాటల్లో రాయండి.” మూడో తరగతి దాటిన పిల్లలకు తెలుగు పరీక్షలో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఊరి బదులు బడి కావచ్చు, ఆవు కావచ్చు, గండికోటో కొండారెడ్డి బురుజో కావచ్చు. పేపరు ఇంటికి వచ్చాక పెద్దవాళ్ల కళ్లు మార్కుల కంటే ముందు ఎర్ర గీతల మీద పడతాయి. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో తల్లిదండ్రులు టీచర్లను అడిగే మాట దాదాపు ఒకటే: ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా సార్, తెలుగు రాసేదానికి ఇన్ని తప్పులేంది?

ఈ ప్రశ్న బలంగా వినిపించడానికి కారణం ఉంది. 2021 జులై 5న కేంద్రం నిపుణ్ భారత్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, రాయాలి, చిన్న లెక్కలు చేయాలి అన్నది దాని లక్ష్యం. దాంతో చిన్న తరగతుల చదువు మీద అందరి దృష్టీ పడింది. అయితే ఈ చర్చలో తరచూ వినబడే, గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే కూడా ప్రధానంగా చూసేది చదవడాన్నీ లెక్కలనే. పిల్లలు సొంతంగా రాసే నాలుగు వాక్యాల సంగతి నోట్‌బుక్కుల్లోనే ఉండిపోతోంది.

క్లుప్తంగా

పిల్లల రాతలో ‘తప్పు’ అని గీత పడేవన్నీ ఒక జాతివి కావు. కొన్ని అక్షరాలకు సంబంధించినవి, కొన్ని వాక్యం పొందికకు సంబంధించినవి, కొన్ని అసలు తప్పులే కావు, ఇంటి యాస. విరామ చిహ్నాల కొరత వెనుక తెలుగు వాక్య నిర్మాణమే ఒక కారణం. అన్నిటినీ ఒకే ఎర్రసిరాతో దిద్దితే పిల్లలు తక్కువ రాయడం నేర్చుకుంటారు, బాగా రాయడం కాదు.

ఏడు వాక్యాలు, ఒక్క చుక్కా లేదు

విడివిడి మాటల కంటే ఒక పేరా ముందు పెట్టుకుని చూస్తే విషయం తేలిగ్గా తెలుస్తుంది. కింది పేరా ఏ ఒక్క పిల్లాడిదీ కాదు. ఈ ప్రాంతంలో నాలుగో తరగతి పిల్లల రాత ఎలా ఉంటుందో చూపడానికి కూర్చినది.

“మా ఊర్లో ఒక సెరువు ఉండాది చెరువు లో నీల్లు ఎక్కువ ఉంది మా తాత రోజు ఎనుముల్ని తోలుకొని పోతాడు వారు చాల మంచివాడు ఎనుము పాలు తెల్లగా ఉంటుంది నాకు పాలు అంటే చాలా ఇస్టం వాన వచ్చినప్పుడు చెరువు నిండితే అందరు సంతోసం పడతారు”

ముందు ఇందులో బాగున్నదేమిటో చూడాలి, ఎందుకంటే దిద్దేటప్పుడు దాన్నే ఎవరూ చూడరు. చెరువు, తాత, ఎనుములు (గేదెలు), వాన అన్నీ ఒక ఊరివే. చివరి వాక్యంలో ‘వచ్చినప్పుడు’, ‘నిండితే’ అని రెండు అసమాపక క్రియలు వరసగా వచ్చి ‘పడతారు’ అన్న సమాపక క్రియ దగ్గర ఆగాయి. తొమ్మిదేళ్ల బిడ్డకు ఇది చిన్న పని కాదు. వాక్యం అల్లే శక్తి ఉంది.

ఇక తప్పులు. మొదటి వాక్యంలో ‘సెరువు’ అని, రెండో వాక్యంలో ‘చెరువు’ అని రాసిన చెయ్యి ఒకటే. అంటే ఆ మాట ఎలా రాయాలో బిడ్డకు తెలుసు, నోటి అలవాటు ఒకసారి చేతిని లాగింది. ‘చెరువు లో’ అని విడిగా రాయడం మాటల హద్దు ఎక్కడో తెలియకపోవడం. ‘లో, కి, తో’ మాటకు అతుక్కుంటాయి, ‘మీద, కింద, దగ్గర’ సాధారణంగా విడిగా నిలబడతాయి. ఈ తేడా పెద్దవాళ్ల రాతలోనూ తరచూ తడబడుతుంది. ‘వారు’ అని మొదలుపెట్టి ‘మంచివాడు’ అని ముగించడం మర్యాద పొందిక తప్పడం. ఇంట్లో తాతను ‘వచ్చినాడు, పోయినాడు’ అనే అంటారు, బడిలో పెద్దవాళ్లను ‘వారు’ అని రాయమంటారు. రెండు పద్ధతులూ ఒకే వాక్యంలో ఢీకొన్నాయి. ‘రోజు’కీ ‘రోజూ’కీ, ‘అందరు’కీ ‘అందరూ’కీ ఉన్న తేడా చివరి అక్షరం మీది దీర్ఘం. ఇది కంటికి చిన్నదే కానీ, ‘రోజూ’ అంటే ‘ప్రతిరోజూ’ అనే అర్థమంతా ఆ దీర్ఘంలోనే ఉంది. ‘చాల’ మాత్రం తప్పు కాదు. ‘చాల, చాలా’ రెండూ అచ్చులో కనబడతాయి. ‘వెళ్ళు, వెళ్లు’, ‘అయిదు, ఐదు’ కూడా అంతే. పుస్తకాలే రెండు రకాలుగా రాస్తుంటే, అలాంటి చోట బిడ్డకు మార్కు తగ్గించడానికి ఆధారం లేదు.

ఈ పేరాలో ఏడు వాక్యాలున్నాయి. ఫుల్‌స్టాప్ ఒక్కటి కూడా లేదు. అయినా చదివే మనిషి పెద్దగా తికమకపడడు. రెండు చోట్ల మాత్రమే నాలుక తడబడుతుంది. ఆ రెండు చోట్లకు మళ్లీ రావాలి.

చెవికి వినబడని ఒత్తులు

తెలుగు ‘పలికినట్టు రాసే భాష’ అంటారు. చాలావరకు నిజమే. చిక్కంతా పలకడం దగ్గరే ఉంది. బిడ్డ చుట్టూ ఉన్నవాళ్లు ‘బాద’ అనే పలుకుతారు, ‘బాధ’ అని రాయాలి. ‘అర్దం, విద్యార్ది, ఉపాద్యాయుడు, పరిసుబ్రత’ అన్నీ ఇలా చెవి చెప్పినట్టు చెయ్యి రాసినవే. అచ్చతెలుగు మాటల్లో ఖ, ఘ, ఛ, ధ, భ వంటి ఒత్తు పలుకులు దాదాపు ఉండవు. అవి సంస్కృతం నుంచి వచ్చిన మాటలతో వచ్చాయి. శ, ష, స తేడా కూడా ఎక్కువగా ఆ మాటలకే అవసరం. అందుకే తప్పులు అన్ని మాటల్లో సమానంగా ఉండవు. అమ్మ, మేక, బండి, కోడి, నిప్పు రాయడంలో తప్పు పోయే పిల్లలు నాలుగో తరగతికి తగ్గిపోతారు. ‘సంతోషం’ దగ్గర, ‘ప్రకృతి’ దగ్గర ఆగిపోతారు. ‘కృ’ను ‘క్రు’గా పలికే చోట ‘ప్రక్రుతి’ అని రాయడం ఊహించదగ్గదే.

దీని వల్ల ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది. బిడ్డ తన ఊరి మాటలతో రాస్తే అక్షర దోషాలు తక్కువ, యాస ఎక్కువ. గైడులోని ‘ఆహ్లాదకరమైన వాతావరణం’ తెచ్చుకుని రాస్తే యాస మాయమవుతుంది, ఒత్తులు తప్పుతాయి. బడిలో రెండోదానికే మెప్పు దక్కుతుంది, చెరువు దగ్గర ఎనుము కనబడే రాతకు కాదు. వర్ణన అంటే చూసినదాన్ని చూపడం అనుకుంటే, ఈ మెప్పు తప్పుచోట పడుతోంది.

పాలు ఉందా, ఉన్నాయా?

‘పాలు తెల్లగా ఉంటుంది’, ‘నీల్లు ఎక్కువ ఉంది’ అన్నవి మాత్రం అసలైన వ్యాకరణ దోషాలు. తెలుగులో పాలు, నీళ్లు ఎప్పుడూ బహువచనమే. పాలు ‘ఉంటాయి’, నీళ్లు ‘ఉన్నాయి’. ‘నీరు’ అంటే మళ్లీ ‘ఉంది’ అనాలి. ఒకే వస్తువు, రెండు పేర్లు, రెండు క్రియలు.

పిల్లలు ఇక్కడ తడబడడానికి ఒక కారణం పొరుగు భాషల్లో దొరుకుతుంది. కన్నడంలో ‘హాలు బిసి ఇదె’ అంటారు, పాలు ఏకవచనం. ఉర్దూలో ‘దూద్ గరమ్ హై’, అక్కడా ఏకవచనమే. మడకశిర, హిందూపురం, రాయదుర్గం వైపు, ఇటు ఆదోని, ఆలూరు వైపు కన్నడం ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కడప, కర్నూలు, ఆదోని, కదిరి పట్టణాల్లో ఉర్దూ ఇళ్లు ఎక్కువ. సుగాలి తండాల పిల్లలకు ఇంటి మాట వేరు. వీళ్లందరూ బడిలో తెలుగు రాస్తారు. ఇంట్లో ఏకవచనంగా ఉన్న పాలు బడిలో బహువచనం అవుతాయని వాళ్లకు ఎవరైనా చెప్పాలి కదా. గీత కొట్టి ‘ఉంటాయి’ అని రాస్తే ఆ ఒక్క వాక్యం సరిపోతుంది. ‘పాలు, నీళ్లు ఎప్పుడూ ఎక్కువే’ అని ఒకసారి నోటితో చెప్పించి, నాలుగు వాక్యాలు రాయిస్తే నియమం నిలబడుతుంది.

ఉర్దూ ఇంటి పిల్లలకు ఒక అనుకూలత కూడా ఉంది. ఆ భాషలో క, ఖ తేడా, బ, భ తేడా మాటల అర్థాన్నే మారుస్తుంది. కాబట్టి ఒత్తు పలుకు వాళ్ల చెవికి త్వరగా పట్టుబడే అవకాశం ఉంది. తెలుగు తరగతిలో వెనకబడినట్టు కనిపించే పిల్లలకు ఒక విషయంలో పైచేయి ఉందని గుర్తించిన టీచరు, దాన్ని మిగతా పిల్లల కోసం కూడా వాడుకోవచ్చు.

‘లో, తో, కి’ చేరినప్పుడు రూపం మారే పదాలు ఇంకో చిక్కు. ఇల్లు ‘ఇంట్లో’ అవుతుంది, నోరు ‘నోటితో’ అవుతుంది, కన్ను ‘కంటికి’ అవుతుంది. పెద్ద తరగతుల్లో వీటిని ఔపవిభక్తికాలు అని చెబుతారు. మాట్లాడేటప్పుడు ఏ బిడ్డా ‘ఇల్లులో’ అనదు. రాసేటప్పుడు మాత్రం కొందరు అలా రాస్తారు, ఎందుకంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసేటప్పుడు వాక్యం మనసులో మోగదు. ఇది వ్యాకరణం రాకపోవడం కాదు, రాయడం ఇంకా నెమ్మదిగా ఉండడం.

‘ఉండాది’, ‘వచ్చినాడు’: యాస సంగతి

రాయలసీమలో ‘ఉంది’ని ఉండాది అనీ, ‘ఉన్నాయి’ని ఉండాయి అనీ, ‘వస్తున్నాడు’ని వస్తాండాడు అనీ అంటారు. అనంతపురం వైపు ‘తినడానికి’ని తినేకి అంటారు. ఇవి ఇష్టమొచ్చినట్టు మారే మాటలు కావు. ఉండాను, ఉండావు, ఉండాడు, ఉండాది, ఉండాయి అని ప్రతి పురుషకూ, వచనానికీ క్రమం తప్పకుండా నడుస్తాయి. ఒక భాషకు వ్యాకరణం ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

పాఠ్యపుస్తకాల తెలుగు మధ్య కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల మాట ఆధారంగా ఏర్పడింది. అందుకే అందులో ‘వచ్చాడు, చేశాడు’ ఉంటాయి. సీమ బిడ్డ రాసే ‘వచ్చినాడు, చేసినాడు’ పాత రచనల్లోనూ కనబడే రూపాలే. వాటిని కొట్టేసి ‘వచ్చాడు’ అని దిద్దడం తప్పును సరిచేయడం కాదు, ఒక ప్రాంతపు రూపం బదులు ఇంకో ప్రాంతపు రూపం పెట్టడం.

అసలైన గందరగోళం ఇంకోచోట ఉంది. కడప వైపు పలుకుబడిలో ‘వస్తాడు’ అన్నది చాలామంది నోట ‘వచ్చాడు’ అవుతుంది, ‘ఇస్తా’ అన్నది ‘ఇచ్చా’ అవుతుంది. ఆ ఇంటి బిడ్డ ‘మా నాయన రేపు వచ్చాడు’ అని రాస్తే, బయటి నుంచి వచ్చిన టీచరుకు అది కాలం తప్పిన వాక్యంలా కనిపిస్తుంది. ‘రేపు’ భవిష్యత్తు, ‘వచ్చాడు’ భూతకాలం అని గీత పడుతుంది. బిడ్డ దృష్టిలో వాక్యం సరిగ్గానే ఉంది. ఎందుకు తప్పో అర్థం కాదు, మళ్లీ అదే రాస్తుంది. ఇలాంటి చోట పుస్తకపు రూపం నేర్పడం తప్పనిసరి, ఎందుకంటే కోస్తాలోనో తెలంగాణలోనో ఆ వాక్యం చదివే మనిషికి అర్థమే తారుమారవుతుంది. ‘మన దగ్గర ఇట్లా అంటాం, పుస్తకంలో అట్లా రాస్తారు’ అని రెండూ పక్కపక్కన పెట్టి చూపితే బిడ్డ దగ్గర రెండు రూపాలుంటాయి. ‘ఇది తప్పు తెలుగు’ అంటే ఇంట్లో అమ్మ మాట్లాడేది తప్పు అని చెప్పినట్టే అవుతుంది. ఆ మాట తగిలిన బిడ్డ తర్వాత నోరు విప్పడానికే వెనకాడుతుంది.

చుక్క ఎందుకు పడదు?

తాళపత్రాల్లో మాటల మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. కడపలో బంగళా కొని, పండితులను పెట్టి రాతప్రతులు సరిచూయించిన సి.పి.బ్రౌన్ ముందున్నవీ అలాంటి ప్రతులే. ఆ బంగళా ఉన్న చోటే నేడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఫుల్‌స్టాప్, కామా, ప్రశ్నార్థకం వంటివి అచ్చుయంత్రంతో పాటు ఇంగ్లిష్ పద్ధతిని చూసి తెలుగులోకి వచ్చాయి.

అంతకుముందు అవి లేకుండా ఎలా గడిచింది? తెలుగు వాక్యం తన ముగింపును తానే చెప్పుకుంటుంది. ‘వచ్చి, తిని, చూస్తూ, నిండితే’ అంటే ఇంకా ఉందని అర్థం. ‘వచ్చాడు, ఉంది, పడతారు’ అంటే అయిపోయిందని అర్థం. ప్రశ్నకు ‘వచ్చాడా’ అని దీర్ఘం ఉంది, లేదా ఏమి, ఎవరు, ఎక్కడ ఉన్నాయి. ఒకరి మాట చెప్పడానికి ‘అని’ ఉంది. ‘అమ్మ బడికి పో అని చెప్పింది’ అన్నప్పుడు ఉద్ధరణ గుర్తులు లేకపోయినా అమ్మ మాట ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. జాబితాకు ‘అమ్మా నాయనా అవ్వా’ అని దీర్ఘాలున్నాయి. ఇంగ్లిష్‌లో గుర్తులు చేసే పనిలో చాలా భాగం తెలుగులో మాటే చేస్తుంది. అందుకే బిడ్డకు చుక్క అనవసరంగా తోస్తుంది. ఇంగ్లిష్‌లో కొత్త వాక్యం పెద్దక్షరంతో మొదలవుతుంది కాబట్టి చుక్క మరచిపోతే కంటికి తెలుస్తుంది. తెలుగులో ఆ హెచ్చరిక కూడా లేదు.

మరి చుక్క నిజంగా ఎక్కడ అవసరం? పై పేరాలో నాలుక తడబడిన రెండు చోట్లు ఇక్కడ పనికొస్తాయి. ‘వారు చాల మంచివాడు ఎనుము పాలు...’, ‘నాకు పాలు అంటే చాలా ఇస్టం వాన వచ్చినప్పుడు...’ ఈ రెండు వాక్యాల్లోనూ క్రియ లేదు. ‘మంచివాడు’, ‘ఇష్టం’ దగ్గర వాక్యం అయిపోయిందని చెప్పే క్రియ లేకపోవడంతో పక్క వాక్యం వచ్చి అతుక్కుంది. రెండో చోట ఒక్క క్షణం ‘ఇష్టం వాన’ అని చదివేస్తాం. క్రియారహిత వాక్యాలు తెలుగులో చాలా మామూలు. మా ఊరు పెద్దది, ఇది మా బడి, నా పేరు ఫలానా. వర్ణనలో ఇవి మరీ ఎక్కువ. చుక్క విలువ వీటి దగ్గరే కళ్లకు కడుతుంది. ‘ప్రతి వాక్యం చివర ఫుల్‌స్టాప్ పెట్టాలి’ అని నియమం వల్లె వేయించడం కంటే, చుక్క లేకపోతే అర్థం ఎలా చెడుతుందో ఇలాంటి రెండు వాక్యాలతో చూపడం మేలు. అవసరం కనబడిన గుర్తును పిల్లలు మరచిపోరు.

బడిలో రాత అంటే చూచిరాత

చాలా తరగతుల్లో రాత పని అంటే బోర్డు మీదిది దించుకోవడం, పాఠం చూసి రాయడం, ప్రశ్నలకు గైడులోని జవాబు రాయడం. తెలుగు వాచకాల్లో స్వీయరచనకూ భాషాంశాలకూ చోటు ఉంది. ఒక్క టీచరే రెండు మూడు తరగతులు చూసే బడిలో మాత్రం వాటికి మిగిలే సమయం తక్కువ. ముప్పై పేరాలు చదివి, ఒక్కో బిడ్డతో మాట్లాడి దిద్దడానికి కావలసిన తీరిక ఆ టీచరుకు ఎవరూ ఇవ్వలేదు. ఈ లోపాన్ని టీచరు బద్ధకంగా చూడడం అన్యాయం.

పడమటి కర్నూలులో సుగ్గి, అంటే పంట పనుల కోసం పోయే వలస, ఇంకో దెబ్బ. పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు వలస పోతే, వెంట వెళ్లిన పిల్లలకు నెలల తరబడి బడి ఉండదు. పిల్లలు ఊర్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు పెడుతున్నా, అందరూ వాటిలో ఉండరు. చదవడం కొంత మరచినా త్వరగా తిరిగొస్తుంది. రాయడం అలా కాదు, చెయ్యి ఆగిపోతే వేగం పోతుంది, వేగం పోతే వాక్యం పొందిక పోతుంది.

2020-21 నుంచి రాష్ట్రంలో ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒకే విషయం రెండు భాషల్లో కనబడడం పోల్చి చెప్పడానికి మంచి అవకాశమే. ఈ వాక్యంలో అక్కడ ‘అండ్’ ఉంది, ఇక్కడ ‘మరియు’ అవసరమా, దీర్ఘం సరిపోతుందా అని అడగొచ్చు. అలా వాడుకోని చోట ‘మరియు’లు పెరుగుతాయి.

దిద్దడం వల్ల జరిగేది

పేజీలో పాతిక గీతలు పడితే బిడ్డ నేర్చుకునే మొదటి పాఠం తక్కువ రాయమని. తెలిసిన మాటలే, చిన్న వాక్యాలే, వీలైతే గైడు వాక్యాలే వాడడం మొదలవుతుంది. తప్పుల లెక్క తగ్గుతుంది, రాత కూడా తగ్గుతుంది. కంఠతా పట్టి రాసిన ‘ఆవు సాధు జంతువు’ వ్యాసంలో ఒక్క తప్పూ ఉండకపోవచ్చు. దాన్ని చూసి బిడ్డకు రాయడం వచ్చిందనుకోవడం పొరపాటు. ఆరో తరగతిలో చూడని విషయం మీద రాయమన్నప్పుడు ఇది బయటపడుతుంది. అప్పటికి మొదటి నుంచి నేర్పే ఓపిక హైస్కూలు టైంటేబులులో ఉండదు.

వ్యాకరణం విడిగా నేర్పితే రాత బాగుపడుతుందా అన్నదాని మీద ఇంగ్లిష్ విషయంలో చాలా ప్రయోగాలు జరిగాయి. 4 నుంచి 12 తరగతుల పిల్లల మీద జరిగిన అలాంటి ప్రయోగాలను కలిపి అమెరికా పరిశోధకులు 2007లో చేసిన ఒక సమీక్షలో, వ్యాకరణ పాఠాలు విడిగా చెప్పడం వల్ల రాత నాణ్యత పెరగలేదని తేలింది. చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యం చేయించే సాధన మాత్రం ఫలితమిచ్చింది. తెలుగు వేరే భాష కాబట్టి దీన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేలేం. కానీ వాక్యాలు కలపడానికి తెలుగులో ‘చేసి, చేస్తూ, చేస్తే’ అని సిద్ధంగా సాధనాలున్నాయి. ‘తాత ఎనుముల్ని తోలుకొని పోతాడు. చెరువులో కడుగుతాడు. సాయంత్రం తిరిగి వస్తాడు.’ ఈ మూడింటినీ ఒకటి చేయమంటే ఏ నాలుగో తరగతి బిడ్డైనా ప్రయత్నిస్తుంది, చేస్తూ చేస్తూ వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలుసుకుంటుంది.

పై పేరాను దిద్దాల్సి వస్తే చేయదగ్గది తక్కువే. క్రియ లేని రెండు వాక్యాల చివర చుక్కలు, పాలు-నీళ్లు పొందిక. ఈ వారానికి ఇవి చాలు. ‘ఉండాది’ పక్కన గీత లేకుండా ‘పుస్తకంలో: ఉంది’ అని రాయొచ్చు. ‘సంతోషం, ఇష్టం’ రెండూ ‘ష’ మాటలు కాబట్టి వచ్చే వారం వాటిని కలిపి చూపొచ్చు.

ఇంట్లో చేయగలిగినదీ ఉంది, దానికి తల్లిదండ్రులకు చదువు రావాల్సిన పని లేదు. రాసినదాన్ని బిడ్డ చేత గట్టిగా చదివించి వింటే చాలు. ఆగాల్సిన చోటు, పడిపోయిన మాట, కుదరని క్రియ చదివేటప్పుడు బిడ్డ చెవికే తెలుస్తాయి. ఒత్తులు మాత్రం ఇలా దొరకవు. ‘బాద’ను ఎంత గట్టిగా చదివినా ‘బాధ’ కాదు. అది అచ్చులో చూసి చూసి కంటికి అలవాటు కావలసిందే. అందుకు వాచకం ఒక్కటే సరిపోదు. బడి అలమరాలో తాళం వేసి ఉన్న కథల పుస్తకాలు పిల్లల చేతికి రావాలి, మాసిపోయినా చిరిగిపోయినా సరే.